పండగకి రానివాళ్ళ వంతు

మొన్న మూన్‌కేక్ పండగ నాడు, అంటే చైనీయుల ఎనిమిదో నెల పున్నమి పండగ నాడు, ఇక్కడ సింగపూర్‌లో మన బ్లాకుల కింద జరిగినదాని గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. కమ్యూనిటీ క్లబ్బు వాళ్ళు ఈసారి మన తెలుగు సంఘాన్ని కూడా కలుపుకుని చేశారు, వ్యాఖ్యానం మనకే అప్పగించారు. మన పిల్లల కోలాటం అయ్యాక ఒక చైనీస్ పెద్దాయన మైకు దగ్గరికొచ్చారు. చేతిలో కాగితం లేదు. కళ్ళు మూసుకుని చైనా మహాకవి సూ షి పద్యం ఎత్తుకున్నారు. పక్కన మనవరాలు ఒక్కో పాదానికీ అర్థం చెబుతోంది. మనవాళ్ళ వరసల్లో ఒకటే కబుర్లు. మూన్‌కేకులో గుడ్డుందా లేదా అన్న వాకబు ఒకవైపు, లాంతర్లతో సెల్ఫీలు ఇంకోవైపు. పద్యం సగంలో ఉండగానే మన వ్యాఖ్యాత "టైం అయిపోతోంది, గట్టిగా చప్పట్లు" అంటూ తర్వాతి సినిమా డాన్సు పేరు చదివేశారు. పెద్దాయన తల వంచి దండం పెట్టి దిగిపోయారు. మన సంఘం తరఫున ఎవరైనా ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు.

ఆయన్ని చెప్పనివ్వని పాదాల్లోనే ఆ పద్యం ప్రాణం ఉంది. సూ షి దాన్ని 1076లో, సరిగ్గా ఆ పండగ రాత్రే రాశాడు. అప్పుడాయన మిజౌలో అధికారి. తమ్ముడు సూ జెకి దగ్గరగా ఉండొచ్చని అటు బదిలీ అడిగి వేయించుకున్నాడు. అయినా ఏళ్ళ తరబడి ఒకరినొకరు చూసుకోలేదు. తెల్లవార్లూ తాగానని, తమ్ముడు గుర్తొచ్చాడని పద్యం ముందు తనే రాసుకున్నాడు. మొదట చంద్రుణ్ణి నిలదీస్తాడు: మా మీద నీకేం పగ, మేం విడిపోయి ఉన్నప్పుడే ఇంత నిండుగా వస్తావేం? తర్వాత తనే సర్దిచెప్పుకుంటాడు: మనుషులకి కలవడం విడిపోవడం, చంద్రుడికి పెరగడం తరగడం ఎప్పటినుంచో ఉన్నవే. చివరికి మిగిలిన కోరిక ఒక్కటే. ఇద్దరం కలకాలం బతికుంటే చాలు, ఎన్ని ఆమడల దూరాన ఉన్నా ఈ వెన్నెల ఇద్దరిదీ.

మరుసటి ఏడు తమ్ముడు వచ్చాడు, పండగ కలిసే చేసుకున్నారు. ఆ రాత్రి కూడా సూ షి "వచ్చే ఏడు ఈ చంద్రుణ్ణి ఎక్కడుండి చూస్తామో" అనే రాశాడు.

అంతకు మూడు వందల ఏళ్ళ ముందు, 756లో, తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్న రాజధాని చాంగాన్‌లో చిక్కుకుపోయాడు ఇంకో చైనా మహాకవి దూ ఫూ. భార్యాపిల్లలు ఉత్తరాన ఫూజౌలో ఉన్నారు. ఆయన తన కిటికీలోని చంద్రుడి గురించి ఒక్క మాటా అనడు. అక్కడ ఆమె ఒంటరిగా చూస్తున్న చంద్రుడి గురించే రాస్తాడు. నాన్న ఎందుకు రాలేదో తెలిసే వయసు పిల్లలకి లేదని బాధపడతాడు.

పంట ఇంటికొచ్చే వేళ, ఎనిమిదో నెల పున్నమికి ఇంటిల్లిపాదీ ఒకచోట చేరాలన్నది వాళ్ళ పండగ. చంద్రుణ్ణి చూస్తూ వాళ్ళ మహాకవులు రాసింది మాత్రం చేరలేకపోవడం గురించి. పంటలో ఇంటివాళ్ళందరికీ వంతుంటుంది, రాలేనివాడికి కూడా. ఆ వంతు తీసిపెట్టడమే పంట పండగ అని నేను నమ్ముతున్నాను.

మనవాళ్ళని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ పున్నమి సాధారణంగా మనకి భాద్రపద పౌర్ణమి, మర్నాటి నుంచి పితృపక్షం. సంక్రాంతికీ పెద్దలకి బట్టలు పెడతాం, పేరుపేరునా తలుచుకుంటాం. పోయినవాళ్ళని మనం మరవం. బతికుండీ రాలేనివాళ్ళ సంగతే తేల్చుకోలేకపోతున్నాం. కోనసీమలో మా అమ్మమ్మ సంక్రాంతికి అరిసెలు వత్తుతూ కువైట్‌లో ఉన్న మా పెద్దమామయ్య వంతు ఒక స్టీలు డబ్బాలో వేరే పెట్టేది. ఆ వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే పంపేది. లేకపోతే కనుమ దాటాక మా పిల్లలకే పంచేది. చూరుకి కట్టిన వరికంకుల కుచ్చులు చూస్తే ఆవిడ కళ్ళు చెమర్చేవి, అవి కట్టే పని మామయ్యది. "పండగ పూట కన్నీళ్ళేంటి, అశుభం" అని తాతయ్య కసిరేవాడు. ఇంట్లో ఇంకెవరూ మామయ్య పేరెత్తేవారు కాదు. ఆ నోరు మూయించే అలవాటునే మనం విమానమెక్కించి ఇక్కడికి తెచ్చుకున్నాం. హాలు నిండా వెలుగులు, డీజే, స్పాన్సర్ల బ్యానర్లు. అక్కడున్న ప్రతి ఒక్కరి ఇంటి దగ్గరా ఆ రోజు ఒక పీట ఖాళీగా ఉంటుంది. ఆ మాట మాత్రం వేదిక మీద ఎవరూ అనరు.

మనకి చెప్పుకోవడానికి లేకనా? సూ షి పుట్టిన శతాబ్దంలోనే రాజమహేంద్రవరంలో నన్నయ శారదరాత్రుల పద్యం రాశాడు. నక్షత్రాలు, కలువల వాసన, కర్పూరపు పొడిలాంటి వెన్నెల, అంతా అందమే, అందులో ఎవరి కోసం ఎదురుచూపూ లేదు. సూ షికి మనలో అసలు చుట్టాలు బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు. ఇద్దరు అక్కచెల్లెళ్ళని ఒకే ఊరికి ఇచ్చారు, ఉన్న ఒక్క అన్న చూడటానికి రాడు, ఎందుకు రావన్నా అంటే ఏరు అడ్డమంటాడు. "ఉయ్యాలో" అంటూ ఆ పాట పాడని తెలంగాణ ఊరుంటుందా? మన బతుకమ్మలో స్పీకర్ల హోరులో ఆ మాటలు ఎవరికీ వినపడవు.

వారమంతా చాకిరీ చేసి వచ్చినవాళ్ళకి కాసేపు సంతోషం కావాలన్న మాట సబబే. పిల్లలకి పద్యాలు విసుగన్నదీ కొంత నిజమే. అయినా కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను: సంక్రాంతి సాయంత్రంలో ఒక్క పావుగంట డీజే ఆపండి. ఎవరి కోసం ఏం దాచిపెట్టుకున్నారో చెప్పుకోనివ్వండి. ఆ పావుగంట ముందు డార్మిటరీల్లో ఉంటున్న మన తమ్ముళ్ళకి ఇవ్వండి. షిప్‌యార్డుల్లో, కట్టడాల మీద పనిచేస్తూ ఊళ్ళో పిల్లల్ని ఫోన్లో చూసుకునేవాళ్ళు వాళ్ళు. వాళ్ళ దగ్గర టికెట్ తీసుకోవద్దు, వెనక వరసలో కూర్చోబెట్టొద్దు. బస్సు నేను మాట్లాడతాను, అరిసెలు మా ఇంటి నుంచి వస్తాయి.