బేరమంతా కొటేషన్ కింది వరుసల్లోనే

కొత్త కారు కొనడానికి వెళ్లిన కుటుంబం షోరూమ్‌లో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "డిస్కౌంట్ ఎంత ఇస్తారు?" సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఒక అంకె చెబుతాడు. ఇంకో ఐదు వేలు తగ్గించమంటారు. అతను మేనేజర్ క్యాబిన్‌లోకి వెళ్లొచ్చి, "సార్, మీ కోసం స్పెషల్‌గా అప్రూవల్ తీసుకున్నా" అంటాడు. బేరం కుదిరిందన్న సంతోషంతో బుకింగ్ అమౌంట్ కట్టేస్తారు. నన్నడిగితే అప్పటికి అసలు బేరం మొదలే కాలేదు. డిస్కౌంట్‌గా వచ్చిన పాతిక వేలు ఇన్సూరెన్స్, లోన్, యాక్సెసరీస్ పేరుతో మళ్లీ అదే కౌంటర్‌లో కట్టి వచ్చేవాళ్లే ఎక్కువ.

దీన్ని డీలర్ల దుర్మార్గంగా చూడక్కర్లేదు. కారు అమ్మినందుకు కంపెనీ ఇచ్చే మార్జిన్ మన దేశంలో చాలా తక్కువ. షోరూమ్ అద్దె, సిబ్బంది జీతాలు, యార్డులో నిలబెట్టిన స్టాక్ మీద బ్యాంకు వడ్డీ, అన్నీ అందులోంచే రావాలి. అందుకే ఇన్సూరెన్స్ మీద కమీషన్, లోన్ ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే పేఅవుట్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ... వీటి మీదే వాళ్ల వ్యాపారం నిలబడుతుంది. డీలర్ ఎక్కడ సంపాదిస్తున్నాడో అక్కడే తగ్గించగలడు. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ఎక్స్-షోరూమ్ ధర దగ్గర గంట సేపు వాదించి, మిగతా వరుసలు చదవకుండా సంతకం పెట్టడం వల్లే మనం నష్టపోతున్నాం.

కాబట్టి నోటిమాటతో పని పెట్టుకోకుండా అన్నీ కలిపి బండి రోడ్డెక్కేసరికి అయ్యే ఆన్‌రోడ్ ధరకు వివరంగా రాసిన కొటేషన్ అడగండి. ఒకే కంపెనీకి రాష్ట్రంలో చాలామంది డీలర్లు ఉంటారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు వరంగల్ నుంచో కరీంనగర్ నుంచో, విజయవాడవాళ్లు గుంటూరు నుంచో వాట్సాప్‌లో కొటేషన్ తెప్పించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ మీ చిరునామాను బట్టే జరుగుతుంది. వారంటీ సర్వీసు ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఏదైనా చేస్తుంది. రెండు మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుంటే ఏ వరుసలో ఎవరు ఎంత కలిపారో మీకే తెలుస్తుంది.

అందులో పన్నుల వరుసలకు బేరం లేదు. జీఎస్టీ ఎక్స్-షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న, నవరాత్రుల తొలి రోజున, చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటనివి చిన్న కార్ల కిందికి వస్తాయి. అంతకుముందు చిన్న పెట్రోల్ కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. అంటే ఎక్స్-షోరూమ్ ధరలో ఎనిమిదిన్నర శాతం దాకా తగ్గాలి. అది ప్రభుత్వం వదులుకున్న పన్ను. దాన్నే "మా ఆఫర్" అని చూపిస్తే ఒప్పుకోవద్దు, డీలర్ ఇచ్చే తగ్గింపు వేరుగా కనపడాలి.

రిజిస్ట్రేషన్ సమయంలో ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ (రోడ్ ట్యాక్స్) విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది కారు ధరను బట్టి శ్లాబుల్లో పెరుగుతుంది. అయిదు నుంచి పది లక్షల మధ్య 14 శాతం ఉన్న రేటు పది లక్షలు దాటగానే పైకి వెళ్తుంది. ఆ పైన ఆదాయపు పన్ను చట్టం కింద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా వసూలు చేస్తారు. 9.90 లక్షల వేరియంట్‌కీ 10.10 లక్షల వేరియంట్‌కీ తేడా ఇరవై వేలే కదా అని పైదానికి మొగ్గితే, ఆన్‌రోడ్‌కు వచ్చేసరికి ఆ తేడా కొన్ని రెట్లవుతుంది. టీసీఎస్ సొమ్ము పోయేది కాదు. మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటో రీఫండో వస్తుంది. కానీ రిటర్ను వేయక దాన్ని వదిలేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. మీ పేరు మీద ఇదివరకే ఒక కారు ఉంటే లైఫ్ ట్యాక్స్ మరో రెండు శాతం ఎక్కువ పడవచ్చు. కొత్తది ఇంట్లో ఎవరి పేరు మీద తీసుకోవాలో ముందే ఆలోచించుకోండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకు 2024 నవంబరులో ఇచ్చిన జీవో ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఆ కొటేషన్‌లో ఈ వరుసల్లో అంకె కనిపిస్తే ఎందుకని అడగండి.

ఇక హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, డిపో చార్జీలు. పేరు ఏదైనా ఒకటే సరుకు. ఎక్స్-షోరూమ్ ధర అంటేనే బండిని షోరూమ్ దాకా తెచ్చి, అమ్మకానికి సిద్ధం చేసిన ధర. మళ్లీ దానికే ఇంకోసారి ఎందుకు కట్టాలి? వినియోగదారుల ఫోరాలు ఈ వసూళ్లను చాలాసార్లు తప్పుపట్టాయి. "ఏ నిబంధన కింద తీసుకుంటున్నారో రాసివ్వండి, బిల్లు కూడా ఇవ్వండి" అని మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఆ వరుస కొట్టేస్తారు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నా దృష్టిలో ఎక్కువ డబ్బు జారిపోయేది ఇన్సూరెన్స్ దగ్గర. కొత్త కారుకు ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. ఆ ప్రీమియం ఎక్కడ కొన్నా ఒకటే. తేడా అంతా సొంత బండికి జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగంలో, దాని మీద పేర్చే అదనపు కవర్లలో (యాడ్-ఆన్లు) ఉంటుంది. విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ కొత్త కారుకు తీసుకోవాల్సిందే, వానాకాలంలో నీళ్లు నిలిచే నగరాల్లో ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా పనికొస్తుంది. తాళంచెవి పోతే కవర్, టైర్ కవర్, సామాన్లు పోతే కవర్ అంటూ మిగతావన్నీ కలిపి ఒక ప్యాకేజీగా కట్టేస్తారు. ఒక్కోదాని ధర విడివిడిగా అడగండి. మరోవైపు ప్రీమియం తక్కువగా చూపించడానికి ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) తగ్గించే పద్ధతి కూడా ఉంది. కొత్త కారు ఐడీవీ మామూలుగా ఎక్స్-షోరూమ్ ధరలో 95 శాతం దగ్గర ఉంటుంది. అంతకన్నా బాగా తక్కువ ఉంటే, బండి పోయిన రోజున ఆ నష్టం మీదే.

బయట పాలసీ తీసుకుంటామంటే షోరూమ్‌లో వాతావరణం మారిపోతుంది. "బయటి ఇన్సూరెన్స్ అయితే మా దగ్గర క్యాష్‌లెస్ ఉండదు సార్" అంటారు. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టడం అన్నది ఆ బీమా కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, పాలసీ ఎవరు అమ్మారన్నదాన్ని బట్టి కాదు. బయట పాలసీకి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కావాలి. వాటిని చివరి నిమిషం దాకా ఇవ్వకుండా సాగదీస్తారు, ఈలోపు ముహూర్తం ముంచుకొస్తుంది. తమ దగ్గరే ఇన్సూరెన్స్ తీసుకోవాలని డీలర్ బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన హైదరాబాద్‌లోనే, అయినా ఆ మాట నగరంలోని కొనుగోలుదారులకే సరిగా చేరలేదు. బయట రెండు బీమా కొటేషన్లు తీసుకుని, అవే కవర్లు, అదే ఐడీవీతో షోరూమ్ ప్రీమియం పక్కన పెట్టి చూపించండి. చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. "ఇన్సూరెన్స్ బయట తీసుకుంటే డిస్కౌంట్ క్యాన్సిల్" అంటే కోపం తెచ్చుకోకుండా మొత్తం లెక్క వేయండి, మీ జేబులోంచి ఏ దారిలో తక్కువ పోతుందో అటు వెళ్లండి.

పాత కారు ఎక్స్చేంజ్‌లో ఇచ్చేవాళ్లు నో క్లెయిమ్ బోనస్ సంగతి అస్సలు మరిచిపోవద్దు. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. పాత బీమా కంపెనీ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే మూడేళ్ల లోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడా అంతే. పాత కారుకు డీలర్ కట్టిన ధర, ఎక్స్చేంజ్ బోనస్, కొత్త కారు మీద డిస్కౌంట్ మూడూ మూడు అంకెలుగా రాయించుకోవాలి. కలిపి చెబితే దేనికి ఎంత ఇచ్చారో తేలదు. పాత కారు ఆర్సీ మారేవరకు బాధ్యత మీ మీదే ఉంటుంది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

లోన్ దగ్గర "నెలకు ఎంత కట్టగలరు సార్?" అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పకపోవడం మంచిది. నెలకు పదమూడు వేలని చెప్పగానే కాలపరిమితి పొడిగించి ఆ అంకెలో సరిపెట్టేస్తారు. 8 లక్షల లోన్, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకు ఈఎంఐ దాదాపు 16,600, మొత్తం వడ్డీ 1.96 లక్షలు. ఏడేళ్లకు ఈఎంఐ 12,870, వడ్డీ 2.81 లక్షలు. నెలకు తేలికైనట్టే ఉంటుంది గానీ మొత్తం మీద 85 వేలు ఎక్కువ కడతారు. పాతిక వేల డిస్కౌంట్ కోసం పడిన తంటా అంతా దీని ముందు ఎంత? అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ లెక్కించే ఫ్లాట్ రేటు ఇంకో మాయ. ఇదే 8 లక్షలకు ఐదేళ్లకు "7 శాతమే" అని ఫ్లాట్‌లో చెబితే వడ్డీ 2.80 లక్షలవుతుంది. తగ్గుతూ వచ్చే అసలు మీద లెక్కిస్తే అది పన్నెండున్నర శాతంతో సమానం. 2024 అక్టోబరు నుంచి ఆర్బీఐ నిబంధనల ప్రకారం బ్యాంకు మీకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అన్ని చార్జీలూ కలిపిన వార్షిక రేటు అందులో ఉంటుంది. షోరూమ్‌కు వెళ్లకముందే మీ జీతం పడే బ్యాంకులో రేటు కనుక్కుని వెళ్తే, డీలర్ తెచ్చిన బ్యాంకు కూడా దిగొస్తుంది.

సమయం సంగతి తేల్చడం తేలిక. ఆషాఢంలో, మహాలయ పక్షాల్లో మనవాళ్లు కొనరు. అప్పుడు షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి, మాట్లాడే ఓపికా తగ్గించే వీలూ రెండూ ఉంటాయి. అప్పుడు బేరం కుదుర్చుకుని శ్రావణంలోనో దసరాకో డెలివరీ తీసుకుందామంటే, డెలివరీ నాటి ధరే వర్తిస్తుందన్న షరతు బుకింగ్ ఫారంలో ఉందేమో చూడండి. ఒప్పుకున్న తగ్గింపు అప్పటికీ వర్తిస్తుందని రాయించుకోండి. డిసెంబరు తగ్గింపులు నిజమైనవే. అయితే జనవరి రాగానే కారు ఒక ఏడాది పాతదిగా లెక్కకొస్తుంది. పదేళ్లు వాడేవాళ్లకు అది లాభం, మూడు నాలుగేళ్లలో మార్చేవాళ్లకు రీసేల్‌లో పోతుంది. వెయిటింగ్ ఉన్న మోడల్‌కు డిస్కౌంట్ అడగడం దండగ. అక్కడ అవసరం లేని యాక్సెసరీస్ కిట్ వద్దనగలిగితే చాలు.

ఆఖరి బేరం యార్డులో ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు పంపకముందే మీకు కేటాయించిన బండిని పగటి వెలుతురులో చూడండి. ఓడోమీటర్ చూడండి. టైర్ పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. నాలుగు టైర్లతో పాటు స్టెపినీ కూడా దగ్గర దగ్గర వారాలదే ఉండాలి. తలుపుల అంచుల్లో, బంపర్ల దగ్గర పెయింట్ రంగు తేడా ఉందేమో వంగి చూడండి. తయారైన నెల, సంవత్సరం బండితో కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం ఫారం 22లో ఉంటాయి, దాన్ని ఛాసిస్ నంబరుతో సరిచూసుకోండి. బండి ఎనిమిది నెలలుగా ఎండలో నిలబడిందని తేలితే వేరేది అడగవచ్చు, లేదా అదే బండికి ఇంకా తగ్గించమనవచ్చు. మీ పేరు మీద తాత్కాలిక రిజిస్ట్రేషన్ (టీఆర్) అయ్యాక ఈ రెండు దారులూ దాదాపు మూసుకుపోతాయి. అందుకే మిగతా సొమ్ము బండి చూసి, కొటేషన్‌లోని అంకెలు ఇన్వాయిస్‌తో సరిపోయాకే కట్టండి.