కందకం తెరిచి ఉన్న కొద్ది గంటలు

రక్షిత కట్టడానికి నూరు మీటర్లలోపు కొత్తగా ఇల్లు కట్టడానికి వీల్లేదు. ఆపై మరో రెండొందల మీటర్ల వరకు అనుమతి కావాలి. అమరావతి స్తూపం చుట్టుపక్కల ఉండేవారికి ఈ లెక్క కంఠతా వచ్చు. అదే వీధిలో మంచినీటి పైపుకు మాత్రం ఈ ఆంక్ష లేదు. 2010లో పురాతన కట్టడాల చట్టాన్ని సవరించినప్పుడు, 'నిర్మాణం' నిర్వచనంలోంచి ప్రజలకు నీరందించే పనులను మినహాయించారు. సరైన మినహాయింపే. స్తూపం పక్కన పుట్టిన పాపానికి ఎవరూ బిందె పట్టుకుని తిరగనక్కర్లేదు. కానీ, అనుమతి అక్కర్లేదంటే పైపు కోసం తవ్వేటప్పుడు పాత ఆనవాళ్ల కోసం చూసే మనిషీ అక్కర్లేదని కాదు.

1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ వచ్చేసరికే ఈ స్తూపం దిబ్బను, అంటే దీపాలదిన్నెను, ఇటుకలకూ రాళ్లకూ తవ్వేస్తున్నారు. మిగిలిన శిల్పాల్లో చాలావరకు చెన్నైలో, లండన్‌లో భద్రంగానే ఉన్నాయి. ఏది స్తూపంలో ఎక్కడ నిలిచిందో మాత్రం నేటికీ వాదనే. పైపు కందకంలో పోయేదీ అదే, వస్తువు ఉన్న చోటు.

జేసీబీకి పళ్లున్న బకెట్ తగిలించి ఒకేసారి మీటరు లోతుకు దింపితే మట్టి గడ్డలుగా వస్తుంది. బూడిద పొర, ఇటుక వరుస ఆ గడ్డల్లో కలిసిపోతాయి. పళ్లులేని వెడల్పు బకెట్‌తో పది, పదిహేను సెంటీమీటర్ల చొప్పున గీకించాలి. చూసే మనిషి చెయ్యెత్తితే యంత్రం ఆగాలి. విడి ఇటుకలైతే సరే, వరుస కనిపిస్తే పార పక్కనబెట్టి తాపీ పట్టాలి. కందకం గోడను చెక్కి, కొలబద్ద, ఉత్తర దిక్కు గుర్తు పెట్టి ఫొటో తీయాలి. వీధి, దూరం, లోతు రాయని కుండపెంకుల సంచి చెత్తతో సమానం. గోడ అడ్డొస్తే సన్న హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపును వంచి పక్కనుంచి పోనివ్వవచ్చు. ఇనుప పైపుకు బెండ్లు (వంపు ముక్కలు) కావాలి, అవి ముందే తెప్పించుకోవాలి. పాత పైపు కందకమే దొరికితే అంతకంటే మేలు లేదు, అక్కడి మట్టి ముందే కదిలింది కదా. పూడ్చేముందు నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. తర్వాత లీకైతే మళ్లీ తవ్వాలి, ఈలోగా పాత ఇటుకల కింద నీరు చేరుతుంది.

పని చెడేది ఎక్కువగా బిల్లు దగ్గరే. కాంట్రాక్టరుకు మీటరు లెక్కన డబ్బు. ఆగిన ప్రతి గంటా నష్టం. అందుకే మూడు వీధుల్లో ఒకేసారి తవ్వకం, పొద్దున తెరిచింది సాయంత్రానికి పూడిక. ఇంటింటి కనెక్షన్లకు పెరట్లో గునపంతో తవ్వే గోతుల వైపు ఎవరూ చూడరు. ఏదైనా దొరికితే పని ఆపేస్తారన్న భయంతో కూలీలు నోరు విప్పరు. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలన్న 1878 చట్టం ఉంది, ఎందరికి తెలుసో గానీ.

కాబట్టి ఎస్టిమేటులోనే రెండు పద్దులు చేర్చాలి: తవ్వే ముఠాకొకరు చొప్పున పురావస్తు పరిశీలకుడి దినభత్యం, యంత్రం ఆగిన గంటలకు అద్దె. టెండరు పిలవకముందే చేర్చాలి, కందకంలో గోడ బయటపడ్డాక కాదు.