జీబ్రా గీతల దగ్గర ఆగేదెవరు?

చెన్నైలో స్పీడ్ కెమెరాలు పెంచితే ప్రమాదాలు తగ్గుతాయని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. వేగం సంగతి నిజమే. 2023 నవంబరులో ఇక్కడ కార్లకు 60, బైకులకు 50, ఆటోలకు 40, ఇళ్లుండే వీధుల్లో అన్ని బండ్లకూ 30 కిలోమీటర్లు అని పెట్టారు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది, కాబట్టి ఆ 30 ఊరికే పెట్టింది కాదు. కానీ ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్నదాని గురించి అందులో ఒక్క మాటైనా రాయలేదేమండీ?

మేము వడపళనిలో పదిహేనేళ్లుగా ఉంటున్నాం. మా అమ్మకు 68 ఏళ్లు. పోయిన నెల జీబ్రా గీతల మీద సగం దూరం దాటాక ఒక బైకు ఆమెను రాసుకుంటూ పోయింది. కూరల సంచి కింద పడింది. ఆమె పడలేదు, అదే అదృష్టం. అప్పటినుంచి రోడ్డుకు అవతలే ఉన్న గుడికి కూడా ఆటోలోనే వెళ్తానంటోంది. అది విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతోంది.

2017 డ్రైవింగ్ నిబంధనల్లో అన్నీ ఉన్నాయి. సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కేవాళ్లు ఆగి చూడాలి. రౌండ్‌టానాలో, అంటే చుట్టూ తిరిగి వెళ్లే గుండ్రటి కూడలిలో, అప్పటికే తిరుగుతున్న బండి ముందు వెళ్లాలి. మా అబ్బాయికి లైసెన్సు వచ్చి రెండు నెలలైంది, వాడికి వీటిలో ఒక్కటీ తెలియదు. నేను చెబితే, "మనం ఆగితే వెనకవాళ్లు గుద్దేస్తారు నాన్నా" అన్నాడు.