పికాసోని చూడాలంటే వాళ్ల గడప తొక్కాల్సిందే, అదీ పాయింటు

అమెరికాలో నాష్‌విల్‌లోని ఫిస్క్ అనే నల్లజాతి వాళ్ల యూనివర్సిటీ, వాల్‌మార్ట్ వారసురాలు ఆలిస్ వాల్టన్ అర్కాన్సా రాష్ట్రంలో పెట్టిన క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం కలిసి పికాసో లాంటి పెద్ద పెయింటర్ల బొమ్మలు పంచుకుంటున్నాయి. 3 కోట్ల డాలర్లకి మ్యూజియంకి సగం వాటా, బొమ్మలు రెండేళ్లు ఫిస్క్‌లో రెండేళ్లు అర్కాన్సాలో, 2012లో కోర్టు గొడవలన్నీ అయ్యాక కుదిరిన డీల్ ఇది. మంచి రాజీ అంటారు చాలామంది. నాకైతే ఇద్దరు కొడుకులు అమ్మని వంతులేసుకుని చూస్తున్నట్టే ఉంది.

ఆ బొమ్మలు ఫిస్క్‌కి ఇచ్చింది అమెరికన్ పెయింటర్ జార్జియా ఓకీఫ్. ఫొటోగ్రాఫరైన భర్త ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ కలెక్షన్‌లోంచి తీసి, తనవీ కొన్ని కలిపి మొత్తం 101 పీసులు, 1949లో. అమ్మొద్దు, విడదీయొద్దు అని షరతు కూడా పెట్టింది. సెజాన్, రెన్వా, పికాసో, డియెగో రివేరా, వాళ్లతో పాటే ఆఫ్రికన్ శిల్పాలు. గ్యాలరీకి ఇచ్చిన బిల్డింగ్ ఏమన్నా ప్యాలెసా అంటే కాదు, పాత జిమ్ము!

ఇప్పుడు ఆ ఏడాది ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1949 నాష్‌విల్ అంటే స్కూళ్లు వేరు, బస్సులో సీట్లు వేరు, హోటల్ కౌంటర్ దగ్గర కూర్చుని తినే హక్కు కోసం ఇదే ఫిస్క్ స్టూడెంట్లు 1960లో ధర్నాకి కూర్చోవాల్సొచ్చింది, అలాంటి ఊళ్లో సెజాన్‌ని చూడాలని ఒక తెల్లాయనకి మనసైతే నల్లజాతి వాళ్ల క్యాంపస్‌కే నడిచి రావాలి, వాళ్ల తలుపే తట్టాలి. ఎవరు ఎవరి గుమ్మంలోకి వస్తున్నారన్నదే తిరగబడిపోయింది! గోడ మీద నాలుగు దేశాల బొమ్మలు తగిలించి మల్టీకల్చరల్ అని బోర్డు పెట్టడం ఎవడైనా చేస్తాడు, ఇది అది కాదు.

డబ్బుల్లేక మూతపడేలా ఉంటే ఏం చేస్తారండీ అంటారు. నిజమే, జీతాలివ్వలేని కాలేజీకి పికాసో అన్నం పెట్టడు. కానీ 1871లో ఇదే ఫిస్క్‌కి గతిలేకపోతే తొమ్మిది మంది స్టూడెంట్లు పాటలు పాడుతూ ఊళ్లు తిరిగి కాలేజీని నిలబెట్టారు. 2005లో మేనేజ్‌మెంట్‌కి తట్టింది మాత్రం బొమ్మలమ్మడం. అమ్ముదామనుకున్న రెండిట్లో ఒకటి ఓకీఫ్ 1927లో వేసిన 'రేడియేటర్ బిల్డింగ్' అనే బొమ్మ. రాత్రి పూట నల్లగా నిలబడ్డ బిల్డింగ్, తెల్లగా వెలిగే కిటికీలు, ఎడమ పక్కన ఎర్ర లైట్ల బోర్డు, ఆ బోర్డు మీద మొగుడి పేరు రాసుకుందావిడ. దానికే రేటు కట్టారు.

ఈ జబ్బు ఫిస్క్‌ది ఒక్కదానిదే కాదులెండి. యూనివర్సిటీ అనగానే దాని దగ్గర అమ్మడానికి ఏముంది అని లెక్కేసే బుర్రలు అన్నిచోట్లా ఉన్నాయి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ చూశాం కదా, భూమి కాగితాల మీద ఎవరిదన్న వాదన పక్కన పెట్టండి, అక్కడ నెమళ్లున్నాయి, జింకలున్నాయి అని హెచ్‌సీయూ పిల్లలు మొత్తుకుంటుంటే సర్కారుకి కనపడింది ఎకరం రేటే, చివరికి చెట్లు కొట్టడం ఆపమని సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది.

క్రిస్టల్ బ్రిడ్జెస్‌లో టికెట్ లేదు, ఎక్కువమంది చూస్తారు కదా అంటారు. చూస్తారు, ఎవరొద్దన్నారు? ఫిస్క్‌లో రెండేళ్ల మాస్టర్స్‌కి చేరిన పిల్ల ఆ బొమ్మలు అర్కాన్సాకి వెళ్లిన ఏడాది అడ్మిషన్ తీసుకుంటే, అవి తిరిగొచ్చేసరికి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతుంది.