మల్లెకు మార్చి దాకా ఆగొద్దు

వసంతం వచ్చాకే ఇంటితోటలో కొమ్మలన్నీ కత్తిరించాలని మీ పత్రిక వ్యాసంలో రాశారు. చలి దేశాలకు సరే గానీ, మా విజయవాడలో అదే లెక్క పెట్టుకుంటే మల్లెపూలు దక్కవు. నేను సంక్రాంతికి ఓ పది రోజుల ముందు నుంచి మల్లెకు నీళ్లు తగ్గించి, పండగ వెళ్లాక మోకాలెత్తున కత్తిరించి, మిగిలిన ఆకు దూసేస్తాను. మొక్క మొదట్లో మట్టి గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు వేసి నీళ్లు పెడతాను. శివరాత్రికి చిగుళ్లు, ఉగాదికి మొగ్గలు. పోయినేడు బద్ధకించి మార్చిలో కత్తిరించా. వేసవి మొదలంతా మా ఆవిడ బజారులో మూరల లెక్కన కొనుక్కుంది, ఆ దెప్పులు ఇంకా ఆగలేదు!

కరివేపాకు గురించి ఒక్క ముక్కా లేదేం? దాని లేత చిగురు మీద సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు అచ్చం పక్షి రెట్టలా ఉంటాయి, ఓ పట్టాన కనబడవు. చేత్తో ఏరేయడమే, వంటలో వేసే ఆకుకు మందులెందుకు? మిగతా మొక్కలకి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పడితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. బీర, దోస గింజలు ఎండలు ముదరకముందే పెట్టేయండి. ఏప్రిల్ ఎండకి డాబా మీద మొలక నిలవదు.