మత్తడి లేని ప్లాన్

మేడారం జాతర రెండేళ్లకోసారి, మాఘమాసంలో వస్తుంది. బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెకు చేరుతారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడ బంగారమంటే బెల్లమే, నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరిపడా బెల్లం కొంటారనీ తెలుసు. ఏ వ్యాపారికైనా ఇంత ముందుగా తెలిసే గిరాకీ ఇంకెక్కడ దొరుకుతుంది? అయినా ఈ బెల్లంలోనే చేతులు కాల్చుకునేవాళ్లున్నారు. మా చిన్నాయన వాళ్లలో ఒకరు.

ఆయనది హనుమకొండలో చిన్న కిరాణా కొట్టు. 2014 జాతరకు పది రోజుల ముందు, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి లారీ బెల్లం దింపుకున్నాడు. అప్పటికే హోల్‌సేల్‌లో ధర ఎక్కి కూర్చుంది. రద్దీకి భయపడి చాలామంది నెల ముందు నుంచే వెళ్లి మొక్కులు చెల్లించి వస్తున్నారన్నది ఆయన పట్టించుకోలేదు. సగం సరుకు మిగిలింది. తొలకరి పడేసరికి ముద్దలు చెమర్చి గోనె సంచులకు అతుక్కుపోయాయి. సంచులు విప్పుతుంటే చేతికంటిన జిగురు, చుట్టూ ముసిరిన ఈగలు నాకింకా గుర్తే. కొన్న ధరలో సగానికి అమ్మేశాడు. వడ్డీ మాత్రం ఏడాది దాకా కడుతూనే ఉన్నాడు.

“ఏం ప్లాన్ చేసుకోలేదా చిన్నాయనా?” అని అడిగిన. “లేకేంది, లక్ష మిగలాలె అనుకున్న” అన్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది. లక్ష మిగలాలన్నది ఆశ. ఎంత సరుకు, ఏ తేదీకి, ఎవరి డబ్బుతో, మిగిలితే ఏం చేయాలి? ఈ నాలుగూ తేలాకే దాన్ని ప్లాన్ అనాలి. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. మేనేజ్‌మెంట్ విధుల్లో మొదటిది ప్రణాళిక అని ప్రతి ఏడాదీ బోర్డు మీద రాస్తాను. పిల్లలు నిర్వచనం బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. వాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర కొట్టో, టైలరింగ్ షాపో, మిర్చి వ్యాపారమో ఉంటుంది. పాఠానికీ ఆ కొట్టుకూ సంబంధం ఉందని చెప్పలేకపోవడం మా తప్పే.

ఈ పాఠం మొదలైంది కూడా మనకు పరాయిది కాని చోటే. ప్రణాళికను మేనేజ్‌మెంట్ విధుల్లో ముందు పెట్టిన హెన్రీ ఫేయోల్ ఫ్రాన్స్‌లో బొగ్గు గనుల ఇంజనీరు. 1860లో గనిలో ఉద్యోగానికి చేరి, 1888లో దివాలా అంచున ఉన్న ఆ కంపెనీ పగ్గాలు పట్టి నిలబెట్టాడు. 1916లో అచ్చయిన రచనలో ఆయన ఈ పనికి వాడిన ఫ్రెంచి మాటకు ముందు చూడటం, దానికి సిద్ధపడటం అనే రెండర్థాలూ ఉన్నాయి. బొగ్గు బాయి దిగే గోదావరిఖని, భూపాలపల్లి కుటుంబాలకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పైకప్పుకు ఆసరా పెట్టకుండా ముందుకు తవ్వితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. మంచి ప్లాన్‌కు ఉండాల్సిన లక్షణాల్లో ఫేయోల్ కచ్చితత్వంతో పాటు వంగే గుణాన్నీ చేర్చాడు. మనం వదిలేసేది ఆ రెండోదాన్నే.

నిజానికి మన నేల మీద అది ఎప్పటినుంచో ఉంది. కాకతీయుల కాలం నాటి పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులను చూడండి. కట్ట నీళ్లను ఆపుతుంది, తూము పొలానికి కావలసినంత వదులుతుంది. వాన అంచనాకు మించితే మత్తడి దూకుతుంది, అంటే ఎక్కువైన నీళ్లు అలుగు మీదుగా బయటికి పోతాయి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి పోసిన నీళ్లు కింది చెరువుకు చేరతాయి. ఎంత వాన పడుతుందో కట్టినవాళ్లకు తెలియదు. అంచనా తప్పినా కట్ట తెగకూడదని, నీళ్లు పోయే దారి ముందే పెట్టారు. మత్తడి లేకుండా ఎంత ఎత్తు కట్ట పోసినా ఒక్క పెద్ద వాన చాలు. చిన్నాయన లెక్కలో లేనిది అదే.

“మార్కెట్ మన చేతిలో ఉంటదా, ప్లాన్ చేసి ఏం లాభం?” అని వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు దగ్గర ఎవరిని కదిలించినా అంటారు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూసిన వాళ్ల టెన్షన్ నేను చూశాను, ఆ మాటను కొట్టిపారేయను. కానీ ధర మన చేతిలో లేనప్పుడే ఏ రేటుకు అమ్మేయాలి, ఎన్నాళ్లు ఆగాలి అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. ధర పడిపోతున్న రోజు కూర్చుని ఆలోచించడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. బ్యాంకు లోన్ కోసం ఇచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులు దీనికి పనికిరావు. ఎవరో టైప్ చేస్తారు, మనం సంతకం పెడతాం, ఆ లెక్క మనకే తెలియదు.

చిన్నాయన దెబ్బ తిన్నాక కొట్టు లెక్క చిన్నమ్మ చేతికి వచ్చింది. ఆమె చదివింది ఏడో తరగతి. 2016 జాతరకు పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రోజుకు ఎన్ని కిలోలు అమ్మిందీ రాసింది. తర్వాతి జాతర నుంచి సరుకు ఒకేసారి దింపడం మానేసి, మూడు విడతల్లో తెప్పించింది. విప్పని సంచులు వారంలో వెనక్కి తీసుకోవాలని హోల్‌సేల్ వ్యాపారిని ముందే ఒప్పించింది. ఆ పైనా మిగిలితే ఉగాదికి పావుకిలో, అరకిలో పొట్లాలు కట్టి అమ్మాలని ఓ పేజీలో రాసుకుంది. ఆ పేజీ నేను చూశాను. పక్కనే అప్పు వాయిదా తేదీలు, వాటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు.

ఈ ఏడాది జాతర అయిపోయాక వెళ్తే అదే నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి ఉంది. పైన 2028 అని రాసింది. కింద ఇంకా ఒక్కటే వరుస: “నెల ముందు మొక్కుల గిరాకీ ఈసారి ఇంకా పెరిగింది, మొదటి విడత ఇంకో వారం ముందు తేవాలె.”