పెంచే డబ్బా, తుంచే డబ్బా

డాలస్‌లో అల్లుడుగారి దగ్గర విమానాల మాటలు వినే రేడియో, అంటే స్కానర్, ఉంది; దాని యాంటెన్నా అటకమీద. విమానాశ్రయం టవర్ మాటలు గరగరమంటున్నాయని సిగ్నల్‌ని 20 డెసిబెల్స్ పెంచే ఆంప్లిఫయర్ తెప్పించి, చేతికందేలా స్కానర్ వెనకే బిగించాడు. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్లు! 119.7 మెగాహెర్ట్జ్ పెట్టగానే బొంగురు గొంతుతో పాట అందుకుంది.

“అదేంటి బాబూ, పైలట్లు పాడుకుంటున్నారా?” అన్నారు ఊరినుంచి వచ్చిన మావగారు.

పాపం పైలట్లది కాదు. ఊళ్ళో 106.1లో ఒకటి, 92.5లో ఒకటి ఎఫ్ఎం స్టేషన్లున్నాయి. రెంటినీ వంద రెట్లు చేసి కుక్కితే స్కానర్ ఉక్కిరిబిక్కిరై మొదటిదాన్ని రెండింతలు చేసి, అందులోంచి రెండోదాన్ని తీసేస్తుంది. 212.2లో 92.5 పోతే 119.7. లెక్క తప్పలేదు, పాటే తప్పు చోట పడింది.

పోనీ గరగరైనా తగ్గిందా? యాంటెన్నా నుంచి స్కానర్‌కి వచ్చే 50 అడుగుల ఆర్‌జీ-58 రకం కేబుల్ విమానాల బ్యాండులో దాదాపు సగం సిగ్నల్‌ని దారిలోనే మింగేస్తుంది. మిగిలినదాన్ని కింద పెంచితే గరగర కూడా దానితోపాటే పెరుగుతుంది. ఆంప్లిఫయర్ యాంటెన్నా మొదట్లో ఉండాలి, దానికి కరెంటు కేబుల్‌లోంచే పైకి వెళ్ళాలి.

అల్లుడు అటకెక్కి అలాగే పెట్టాడు. పాట ఇంకా బలిసింది. ఈసారి సిగ్నల్‌ని 10 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ వచ్చింది. మంచి ఆలోచనే: అసలు సిగ్నల్ 10 తగ్గితే, స్కానర్‌లో పుట్టిన దొంగ పాట 30 తగ్గుతుంది. (ఆంప్లిఫయర్‌లోనే పుట్టిన పాటకి ఈ మందు పనిచేయదు. దానికంటే ముందే 88-108ని ఆపే ఎఫ్ఎం ఫిల్టర్ పెట్టాలి.) కానీ దాన్ని కరెంటు ఎక్కించే డబ్బాకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య తగిలించాడు. కరెంటు కాస్తా అటెన్యుయేటర్ రెసిస్టర్లలోకి పోయి వాటిని వెచ్చబెట్టింది, ఆంప్లిఫయర్ ఆకలితో పడుకుంది. కరెంటందని ఆంప్లిఫయర్‌ని మించిన అటెన్యుయేటర్ బజారులో దొరకదు.

“మొత్తానికి పాట ఆగింది” అన్నారు మావగారు.

“టవర్ కూడా ఆగిందండీ.”

చివరికి రెండు డబ్బాలూ పీకేసి, కేబుల్‌ని సిగ్నల్ తక్కువ మింగే ఆర్‌జీ-6కి మార్చి, ఎఫ్ఎం ఫిల్టరొక్కటే పెట్టాడు. స్కానర్‌కి సరిపడే 50 ఓమ్‌లకి బదులు 75 ఓమ్‌ల కేబులైనా వినడానికి పెద్ద నష్టమేం లేదు. టవర్ గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టుంది.

“మరి ఆ డబ్బాలు?”

“ఒకదానికొకటి తగిలించి టీవీకి పెడదామండీ. 20 పెంచి 10 తగ్గిస్తే ఇంకా 10 మిగులుతుందిగా!”